చూరు కింద వరి కుచ్చులు: మా ఇంటి పిచ్చుకల ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు ఏంటంటే

మా కోనసీమలో ఒకప్పుడు సార్వా (వానాకాలం వరి) కోతలయ్యాక ఏ ఇంటికెళ్ళినా చూరుకి వరి కుచ్చులు, అంటే గింజలతో ఉన్న వరి కంకులని జడలా అల్లినవి, కట్టి ఉండేవి. రామాలయం మండపంలో కూడా కట్టేవారు. కొత్త బియ్యం మనం వండుకోకముందే పిట్టల వాటా పైన కట్టేసేవారన్నమాట. ఇప్పుడు మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తే ఒక్క కుచ్చు లేదు, పిచ్చుకలు కూడా అలాగే తగ్గిపోయాయి, అక్కడక్కడ పాత పెంకుటిళ్ళ దగ్గర తప్ప కనపడట్లేదు. అందుకని ఈ ఏడు మా అత్తయ్యగారి దగ్గర కుచ్చు అల్లడం నేర్చుకుని, వసారాలో కట్టి, రెండు గూడు పెట్టెలు చేయించి, నీళ్ళ మూకుళ్ళు పెట్టి, ఏం జరుగుతుందో ఎప్పటికప్పుడు రాసుకుందామని మొదలెట్టా.

ఇంకో కారణం ఉంది, అది రాయకపోతే ఈ డైరీ సగమే అవుతుంది. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. వీసా రెన్యువల్ సంగతి ఎటూ తేలకుండా ఉంది, ఇంటి మీద అప్పుంది, బాబు చదువు ఇంకా అవ్వలేదు. రాత్రిళ్ళు ఫోన్ పక్కన పెట్టుకుని పడుకోవడం, ఏ అర్ధరాత్రో ఉలిక్కిపడి లేచి మెసేజ్ వచ్చిందా అని చూడటం, మళ్ళీ నిద్ర పట్టక పొద్దున్నే దీపం పెట్టి కూర్చుంటే మనసంతా లెక్కలే. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఈయన వచ్చేస్తే ఏం చెయ్యాలి. ఒకరోజు అత్తయ్యగారు వెనక నుంచి చూసి "అమ్మాయ్, స్వామి ముందు కూర్చుని పద్దులు రాసుకుంటే ఎలాగమ్మా, కాసేపు బయటికొచ్చి ఆయన పెట్టినవన్నీ చూడు" అన్నారు. కోపం రాలేదు గాని కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ మాట పట్టుకునే ఈ పని మొదలైంది.

నవంబరు, మిషన్ వచ్చే ముందు

కుచ్చులు ఎందుకు పోయాయో చేలోకి దిగితేగాని అర్థం కాలేదు. కోత మిషన్ వచ్చాక వెన్ను (వరి కంకి) అనేదే చేతికి రావట్లేదు. మిషన్ ఒక పక్క నుంచి కోసుకుంటూ పోతుంది, లోపలే నూరుస్తుంది, గింజలు ట్రాక్టరు ట్రక్కులో పడతాయి, గడ్డి ముక్కలై చేలో పడుతుంది. పూర్వం కొడవలితో కోసి, పనలేసి, కుప్ప వేసి, నూర్చేవారు కాబట్టి మంచి వెన్నులు ఏరుకోడానికి బోలెడు టైముండేది. ఇప్పుడు ఎకరం చేను చూస్తుండగానే ఖాళీ అయిపోతుంది. తప్పు ఎవరిదీ కాదు, కూలీలు దొరకట్లేదు, వాన భయం, రైతు ఏం చేస్తాడు.

మా చేను కౌలుకి చేసే బాబాయ్‌కి ముందే చెప్పి పెట్టా, మిషన్ తెచ్చే ముందు నాకో మాట చెప్పు బాబాయ్ అని. ఆయన నవ్వి "పిచ్చుకలకా అమ్మా, మా నాన్న కట్టేవోడు" అన్నాడు. మా చేలో స్వర్ణ వేశారు, మారుటేరు పరిశోధనా స్థానం వాళ్ళ 7029 రకం. గట్టు పక్కన ఒక మూల నేనూ అత్తయ్యగారూ కొడవళ్ళు పట్టుకుని దిగాం. ఆవిడకి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, గట్టు మీద కూర్చుని చెప్తే చాలండీ అన్నా వినలేదు.

ఆవిడ చెప్పినది ఇది, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. బాగా పండిపోయిన వెన్ను కొయ్యకూడదు, ముట్టుకుంటే గింజ రాలిపోద్ది. గింజ పసుపు తిరిగి, కాడలో ఇంకా కాస్త పచ్చదనం ఉన్నప్పుడు కొయ్యాలి. వెన్ను కింద జానెడుకి పైనే కాడ ఉండాలి, లేకపోతే అల్లడానికి అందదు. కోసినవి ఎండలో పడెయ్యకుండా నీడలో ఆరబెట్టాలి.

మంచు తడి ఇంకా ఆరలేదు, ప్రతి వెన్నూ బరువుకి వంగిపోయి ఉంది. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూశా. చిన్న చిన్న రెమ్మలు, ప్రతి రెమ్మకీ వరసగా గింజలు. ఒక్క విత్తనం గింజ నుంచి ఇన్ని పిలకలు, పిలకకో వెన్ను, వెన్నుకి వందకి పైనే గింజలు. జూన్‌లో కాలువకి నీళ్ళు వదిలినప్పుడు ఇది గుప్పెడు విత్తనాలు. ఇన్నేళ్ళు ఈ చేను పక్క నుంచే కదా నేను బజారుకెళ్ళేది, ఎప్పుడూ ఆగి చూడలేదు.

కుచ్చు అల్లడం

ముందు కాడకున్న ఆకు ఒలిచెయ్యాలి. తర్వాత కాడల మీద నీళ్ళు చల్లి తడి గోనెలో చుట్టి ఒక రాత్రి ఉంచితే మెత్తబడతాయి, లేకపోతే వంచగానే ఫట్‌మని విరుగుతాయి. పొద్దున్నే వసారాలో చాప వేసుకుని కూర్చున్నాం. గుప్పెడు వెన్నులు తీసుకుని మెడ దగ్గర పురికొసతో కట్టి, కాడలని మూడు పాయలు చేసి, జడ అల్లినట్టే అల్లుకుంటూ రావాలి, ప్రతి మెలికకీ రెండు మూడు కొత్త వెన్నులు కలుపుతూ, గింజలు బయట వైపుకి ఉండేలా. మూరెడు అల్లాక దాన్ని గుండ్రంగా చుట్టి పైన గట్టిగా కట్టేస్తే వెన్నులన్నీ కిందకి జారి నిండుగా వేలాడతాయి.

అత్తయ్యగారి చేతులు వణుకుతాయి గాని అల్లిక మొదలెట్టగానే ఆ వణుకు ఎటు పోయిందో. ఆవిడ అల్లుతుంటే చూస్తూ కూర్చోవచ్చు. మధ్యలో మా మావయ్యగారి సంగతులు, ఆవిడ కాపరానికొచ్చినప్పుడు ఈ ఇంట్లో ఉన్న పిచ్చుకల గోల, అద్దం ముందు పిచ్చుక వాలి దాని నీడనే అది పొడుచుకోవడం, అన్నీ చెప్పుకొచ్చారు. మొత్తానికి వసారాకి సరిపడా కుచ్చులయ్యాయి, పెద్దది ఒకటి రామాలయానికి విడిగా తీశాం. పూజారిగారు సంతోషంగా మండపం దూలానికి కట్టించారు.

డిసెంబరు

ఏ పిట్టా రాలేదు. రోజూ పొద్దున్నే చూడ్డం, కుచ్చు అలాగే ఉండటం.

కాదు, ఒకటొచ్చింది. ఉడత. చూరు వాసం మీద నుంచి దిగి తలకిందులుగా వేలాడి ఒక కుచ్చు సగం నూర్చేసింది. దాన్ని తోలబోతే అత్తయ్యగారు "దానికీ ఆయనే కదమ్మా పెట్టాలి" అన్నారు. సరే, ఆ కుచ్చు దానికి వదిలేసి మిగతావి వసారా మధ్యలో పాత ఉయ్యాల కొక్కేలకి పొడవాటి తీగతో వేలాడదీశా, గోడకీ వాసాలకీ దూరంగా. తీగ సన్నగా ఉంటే ఉడతకి పట్టు దొరకదు, ఎలక కూడా దిగలేదు. ఇది బాగా పనిచేసింది.

ఇంతలో అల్పపీడనం. మూడు పూటలు ఒకటే ముసురు. ఊళ్ళో సగం మంది ధాన్యం రోడ్డు మీదే ఉంది, తేమ 17 శాతం లోపుకి దిగితేగాని కొనుగోలు కేంద్రంలో తీసుకోరు కదా, ఆరబోసుకున్న వాళ్ళంతా బరకాలు పట్టుకుని పరుగులు. కౌలు బాబాయ్ రాశి మా ఇంటి ముందు రోడ్డు మీదే ఉంది, నేనూ బాబూ వెళ్ళి సాయం పట్టాం. వానలో తడిసిపోతూ "ఏంటి బాబాయ్ ఇలా అయింది" అంటే ఆయన "నారు పోసినోడు నీరు పొయ్యడా అమ్మా, ఇప్పుడు కాస్త ఎక్కువ పోసేత్తన్నాడు, అంతే" అన్నాడు. ఆ మాట అంటూనే బరకం తాడు మేకుకి చుట్టి కాలితో తన్ని బిగిస్తున్నాడు. నాకు ఆ రెండూ కలిపి గుర్తుండిపోయాయి, ఆ మాటా ఆ తాడు బిగించడం. నేను ఇన్నాళ్ళూ దేవుణ్ణి నమ్మడమంటే కంగారు పడకుండా కూర్చోవాలేమో, నాకు కంగారు ఆగట్లేదు కాబట్టి నాకు నమ్మకం లేదేమో అని బాధపడేదాన్ని. ఈయన కంగారు పడుతున్నాడు, పరిగెడుతున్నాడు, తాళ్ళు కడుతున్నాడు, అయినా ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో.

ఆ రాత్రి కరెంటు లేదు. అత్తయ్యగారు 1996 తుఫాను సంగతి చెప్పారు. నవంబరు 6 రాత్రి. మా వాళ్ళ కొబ్బరి తోటలో నిలబడిన చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయంట. తెల్లారాక కాకి అరుపు కూడా లేదంట, ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయమేసిందంట. "మరి మావయ్యగారు ఏం చేశారండీ" అంటే, "ఏం చేత్తారమ్మా, గోతులు తవ్వి మొక్కలు పెట్టారు" అన్నారు. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. ఇప్పుడు మా పెరట్లో మేం కాయ దింపించుకునే చెట్లన్నీ అవే.

ధనుర్మాసం

వచ్చాయి!

తెల్లవారుఝామున ముగ్గేస్తుంటే కిచకిచమని వినపడింది. మొదట ఒక మగది. తల మీద బూడిద రంగు, గొంతు కింద నల్లటి మచ్చ, కణతల దగ్గర ఇటుక రంగు. కొక్కెం మీద వాలి అటూ ఇటూ చూసి ఎగిరిపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది, వెనకాల రెండు ఆడవి, అవి లేత మట్టి రంగులో ఉంటాయి, మచ్చ ఉండదు. ముగ్గు గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయా, కదిలితే ఎగిరిపోతాయని.

పిచ్చుక వడ్లగింజ తినడం మీరెప్పుడైనా దగ్గర నుంచి చూశారా? వెన్ను మీద పక్కకి వాలి, గింజ ఒకటి తెంపి, ముక్కులో అడ్డంగా పెట్టుకుంటుంది. నాలుకతో దాన్ని తిప్పుతూ ముక్కు అంచులతో నొక్కుతుంది, చిన్న చిటుకు. పొట్టు రెండు చెక్కలై రెండు పక్కలా రాలిపోతుంది, బియ్యపుగింజ లోపలికి. ఇదంతా నేను ఒక ఊపిరి తీసి వదిలేలోపే అయిపోతుంది. ముక్కు మొదట్లో లావుగా, కొసన సన్నగా ఉంటుంది కదా, సరిగ్గా ఈ పనికే చేసినట్టుంటుంది. కింద నేల మీద వేలితో తీసి చూస్తే అన్నీ ఖాళీ పొట్టులే, లోపల నూక ముక్క కూడా మిగల్లేదు. మన రైసు మిల్లుల్లో ఇంత శుభ్రంగా ఆడరు, నిజం. గింజని ఇచ్చినాయనే దాన్ని ఒలుచుకునే ముక్కు కూడా ఇచ్చాడు అని ఆ పొట్టు చేతిలో పట్టుకుని అనుకున్నా, అనుకోగానే ఒళ్ళు జలదరించింది.

ఆ రోజు పూజలో పద్దులు గుర్తుకు రాలేదు. మర్నాడు వచ్చాయి, అది వేరే సంగతి. కానీ ఒక్కరోజైనా రాలేదు కదా.

సంక్రాంతి దాటాక, గూడు పెట్టెలు

గింజలు తింటున్నాయి సరే, ఉండటానికి చోటేది? పాత పెంకుటింటికి దూలం సందులుంటాయి, గోడ బొక్కలుంటాయి. మా ముందు భాగం శ్లాబు వేశాం, నున్నగా సిమెంటు, పిచ్చుకకి వేలు పెట్టే చోటు కూడా లేదు. పిచ్చుకలు పోవడానికి సెల్ టవర్లే కారణం అని అందరూ అంటుంటారు, అది గట్టిగా రుజువైన మాట కాదు. నాకు కనపడిన కారణాలైతే రెండు, గూడు కట్టే సందులు పోవడం, మందులు కొట్టి కొట్టి పురుగులు పోవడం. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తింటుంది గాని పిల్లలకి పురుగులే పెడుతుంది, గింజ అరగదు వాటికి. అందుకే పెరట్లో బెండకీ దొండ పాదుకీ మందు కొట్టడం మానేశాం, బూడిద చల్లుతున్నాం, అంతే.

పెట్టెలకి మా వీధి వడ్రంగి తాత పాత చెక్కలతో చేసిచ్చాడు. ముఖ్యమైన సంగతి బొక్క సైజు. 3.2 సెంటీమీటర్లు అడ్డం ఉండాలి. అంతకంటే పెద్దదైతే గోరింకలు దూరి ఆక్రమించేస్తాయి. లోపల రంగు వెయ్యొద్దు, కింద నాలుగు చిన్న చిల్లులు ఉండాలి తడి నిలవకుండా, పైన మూత తెరుచుకునేలా ఉంటే సీజన్ అయ్యాక శుభ్రం చేసుకోవచ్చు. వీలైనంత వరకు పడమటెండ తగలకుండా, పిల్లి అందుకోలేని ఎత్తులో బిగించాం. ముందు కూర్చోడానికి పుల్ల పెట్టమంటారా అని తాత అడిగాడు, వద్దన్నా, పిచ్చుకకి అది అక్కర్లేదు, కాకులకీ పిల్లులకీ పట్టు దొరుకుతుంది దాంతో.

మాఘమాసం

అంతర్వేది తీర్థానికి వెళ్ళొచ్చాం. భీష్మ ఏకాదశి రథోత్సవం, జనం చెప్పలేనంత. అత్తయ్యగారిని బాబు బండి మీద దింపాడు. దర్శనం అయ్యాక వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి మెల్లగా నడిచాం. అక్కడ నీళ్ళకి గీత ఏమీ ఉండదు, ఇక్కడి దాకా నది అక్కడి నుంచి సముద్రం అని చూపించలేం, పోటుకి ఉప్పునీళ్ళు పైకొస్తాయి, పాటుకి వెనక్కెళ్తాయి. నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి ఇంత దూరం వచ్చిన నీళ్ళు. దార్లో ధవళేశ్వరం దగ్గర, కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ నుంచి కొన్ని నీళ్ళు కాలువల్లోకి మళ్ళి మా చేలో స్వర్ణ పండించాయి, ఆ గింజ మా వసారాలో పిచ్చుక తిన్నది. ఇలా ఒకదాని వెంట ఒకటి గుర్తొస్తుంటే ఈ నీళ్ళ వెంటే చుట్టూ తిరిగి వెళ్తే మస్కట్ కూడా వస్తుంది కదా అనిపించింది, స్వామీ అక్కడా నువ్వే కదా అని దణ్ణం పెట్టుకున్నా. ఆయనకి ఫోటో పంపితే "సముద్రం ఇక్కడ కూడా ఉందిలే" అని రాశారు, చాలాసేపు మాట్లాడుకున్నాం ఆ రాత్రి, వీసా ఊసెత్తకుండా.

మార్చి

తూర్పు పక్క పెట్టెలో కాపరం పెట్టాయి. ముందు మగది వచ్చి బొక్క దగ్గర కూర్చుని రెక్కలు కొంచెం దించి ఒకటే అరుపు, ఇల్లు చూపిస్తోందన్నమాట. ఆడది లోపలికెళ్ళి వచ్చి, మళ్ళీ వెళ్ళి, చివరికి ఒప్పుకుంది. తర్వాత ఎండుగడ్డి, కొబ్బరిపీచు, కోడి ఈకలు, మా బాబు చొక్కా నుంచి ఊడిన దారప్పోగు కూడా.

మార్చి 20 ప్రపంచ పిచ్చుకల దినోత్సవం అంట, 2010 నుంచి జరుపుతున్నారు. పక్కింటి పిల్లలకి చెప్పా, వాళ్ళు "ఆంటీ మాకూ చూపించండి" అని వచ్చారు. రెండూ బయటికెళ్ళిన టైములో మూత సందులోంచి ఫోన్ పెట్టి ఒక్క ఫోటో తీశాం, నాలుగు గుడ్లు, పాల తెలుపు మీద బూడిద చుక్కలు. ఇంక మళ్ళీ మూత ముట్టుకోలేదు. రెండు వారాల లోపు పొదుగుతాయి. పిల్లలు పుట్టిన సంగతి చూడక్కర్లేదు, వినపడుతుంది.

అప్పటి నుంచి ఆ జంట పడే శ్రమ చూడాలి. పొద్దు పొడవకముందు మొదలెట్టి పొద్దుగూకేదాకా తిరగడమే. ఆకుపచ్చ పురుగు ఒకసారి, మిడత పిల్ల ఒకసారి, సాలీడు ఒకసారి. నేను కాఫీ తాగేలోపు ఎన్నిసార్లు వచ్చి వెళ్ళేవో. పిట్టలకి దేవుడు పెడతాడు అంటాం కదా, పెడుతున్నాడు, బెండ మొక్క ఆకు కింద పెడుతున్నాడు, గూట్లోకి తెచ్చి పెట్టట్లేదు. అవి వెతుక్కోవాలి. వెతికితే ఉంది. రేపటికి దాచుకోవడం లేదు, రాత్రి మాత్రం హాయిగా పడుకుంటున్నాయి, చీకటి పడితే పెట్టెలోంచి చప్పుడుండదు. నేనూ ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టేసి పడుకోవడం మొదలెట్టా. అర్జెంటు అయితే బాబు ఫోన్‌కి చేస్తారు కదా.

ఏప్రిల్, రాయబుద్ధి కాలేదు గాని రాస్తున్నా

ఒక పిల్ల కింద పడిపోయింది. ఇంకా ఈకలు సరిగా రాలేదు, చర్మం గులాబీ రంగు, కళ్ళు మూసుకునే ఉన్నాయి. నేను చూసేసరికే చీమలు పట్టేశాయి. ఎలా పడిందో తెలీదు. మిగతావి తోసేశాయో, ఎండకి తాళలేక బొక్క దగ్గరికొచ్చిందో. పారిజాతం మొదట్లో గొయ్యి తీసి పెట్టా.

ఇన్ని నెలలుగా చూసిందంతా ఒక్కసారి అడ్డం తిరిగినట్టనిపించింది. ఆయన చూసుకుంటాడు అని నేను రాసుకుంటూ వచ్చా కదా, మరి ఇదేంటి? దీపం పెట్టి గట్టిగానే అడిగా. మా ఆయన ఉద్యోగం కూడా ఇలాగే పడిపోతే? అసలు భయం అదే, పిల్ల మీద పెట్టి అడిగా.

అత్తయ్యగారు పక్కన కూర్చున్నారు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మీ మావయ్యగారు పోయినప్పుడు నేనూ అడిగేనమ్మా. ఏం చెప్పలేదు ఆయన" అన్నారు. "మరి ఎలా నమ్మారండీ" అన్నా. "ఏమో. పొద్దున్నే లేచి ముగ్గెయ్యడం మానలేదు. కొన్నాళ్ళకి ముగ్గేత్తుంటే ఆయన పక్కనున్నట్టే ఉండేది" అన్నారు. ఏ ఆయనో నేను అడగలేదు.

వసారాలోకి వచ్చి చూస్తే ఆ తల్లి నోట్లో పురుగు పెట్టుకుని బొక్కలోకి తల దూర్చింది. మిగతా మూడూ లోపల ఒకటే అరుపులు. పొద్దున్న ఎంత తిరిగిందో సాయంత్రం కూడా అంతే తిరిగింది. నా ప్రశ్నకి జవాబు దొరికిందని చెప్పను, దొరకలేదు, ఇప్పటికీ లేదు. కానీ ప్రశ్న అడిగాక కూడా ఆయన ముందే కూర్చోగలిగా, లేచి వెళ్ళిపోబుద్ధి కాలేదు, నాకు అది చాలా పెద్ద సంగతి. ఇంతకు ముందైతే ఇలాంటిదేదైనా జరిగితే రోజుల తరబడి దేవుడి గది వైపు వెళ్ళేదాన్ని కాదు.

మూడు పిల్లలూ రెండు వారాలు దాటాక ఎగిరాయి. మొదటిది తులసికోట మీద వాలి చాలాసేపు అక్కడే ఉండిపోయింది, తండ్రి వచ్చి ఇంకా నోట్లో పెడుతూనే ఉంది. కొన్నాళ్ళకే ఆ జంట అదే పెట్టెలో మళ్ళీ పీచు మోయడం మొదలెట్టింది. పిచ్చుకలు ఏడాదికి రెండు మూడు ఈతలు పెడతాయి.

మే

కాలువలకి నీళ్ళు ఆపేశారు. దాళ్వా (రెండో వరి పంట) అయిపోయాక కాలువ పనుల కోసం ఏటా ఆపేస్తారు. గుంటల్లో నీళ్ళు అడుగంటాయి, ఎండ మామూలుగా లేదు. కుచ్చుల్లో గింజలు ఎప్పుడో అయిపోయాయి, ఇప్పుడు అవి ఉత్తి గడ్డి, అయినా తియ్యలేదు, గూటికి పీచు పీక్కెళ్తున్నాయి. కొత్తగా కొర్రలూ నూకలూ పళ్ళెంలో వేస్తున్నాం.

నీళ్ళకి మట్టి మూకుళ్ళు వాడుతున్నాం, లోతు రెండంగుళాలు మించకుండా, మధ్యలో ఒక రాయి పెట్టి. ప్లాస్టిక్ గిన్నెల్లో నీళ్ళు వేడెక్కిపోతాయి. రోజూ కడిగి మార్చాలి, లేకపోతే నాచు పడుతుంది, దోమలు చేరతాయి. పిచ్చుకలే కాదు, పికిలిపిట్టలు, గోరింకలు, ఒకసారి చిలకల జంట, మధ్యాహ్నం వేళ మా ఉడతగారు.

మూకుడు పక్కన ఇసుకలో పిచ్చుకలు చిన్న చిన్న గుంటలు చేసుకుని దుమ్ముస్నానం చేస్తాయి. పొట్ట ఆనించి, రెక్కలు ఆడించి, దుమ్మంతా ఈకల్లోకి ఎగజల్లుకుని, లేచి ఒక్క దులుపు. ఒంటి మీద పురుగు పుట్రా పోవడానికి. అత్తయ్యగారూ నేనూ అరుగు మీద కూర్చుని అవి చూస్తూ ఉంటాం, మాటలు కూడా ఉండవు చాలాసార్లు. ఆవిడ చేతిలో జపమాల, నా చేతిలో విసనకర్ర. ఇంత మనశ్శాంతి నాకు ఏ పుణ్యక్షేత్రంలోనూ ఇంత తేలిగ్గా దొరకలేదు.

జూన్, ఇప్పటి పరిస్థితి

కాలువకి నీళ్ళొచ్చాయి. నారుమళ్ళు దున్నుతున్నారు. మా ఆయన వీసా సంగతి ఇంకా తేలలేదు, ఇంకో రెండు నెలలు ఆగమన్నారంట. వచ్చేస్తే ఏం చెయ్యాలని ఇద్దరం ఫోన్లో మాట్లాడుకున్నాం, పెరటి వైపు కొబ్బరిపీచు తాళ్ళ పని పెట్టుకుందామా అని లెక్క వేశాం, కాగితం మీద రాసి పక్కన పెట్టాం. భయం పోయిందని అనను. వస్తుంది, కూర్చుంటుంది, నేను లేచి మూకుడులో నీళ్ళు మారుస్తా, స్వామీ ఇది నీకు అప్పజెప్తున్నా అని పైకే అంటా, పని చేసుకుంటా.

ప్రాజెక్టు విషయానికొస్తే, పడమటి పెట్టెలో ఎవరూ చేరలేదు, వేడి ఎక్కువనిపిస్తోంది, దాన్ని ఉత్తరం గోడకి మారుస్తున్నాం. తూర్పు పెట్టెలో రెండో ఈత పిల్లలు కూడా ఎగిరిపోయాయి, పాత గడ్డి తీసి, ఎండలో పెట్టి, మళ్ళీ బిగించాలి. రామాలయం కుచ్చు చూసి పై వీధిలో ఇద్దరు ముగ్గురు మాకూ నేర్పండి అని అత్తయ్యగారిని అడిగారు. దసరా సెలవుల్లో పక్కింటి పిల్లలని కూడా కూర్చోబెట్టి, ముందు ఎండుగడ్డితో అల్లిక నేర్పిస్తానన్నారు ఆవిడ. ఈసారి గట్టు పక్కన ఒక మడి చివర మిషన్ పెట్టకుండా వదలమని కౌలు బాబాయ్‌ని అడిగా, ఎంత కావాలో నారు ఊడ్చినప్పుడే కర్ర పాతి గుర్తు పెట్టుకోమన్నాడు.